డాక్యుమెంట్ మూడుసార్లు వెనక్కి వచ్చింది, లోపం నా ఇంగ్లిష్‌దేనా?

కొత్తగా వచ్చా:
అందరికీ నమస్తే. ఈ దేశం వచ్చి, ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. కొత్త వెర్షన్‌ని సర్వర్‌లో ఎలా ఎక్కించాలో రాయమన్నారు. రాశాను. మా లీడ్ మూడుసార్లు "క్లియర్‌గా లేదు" అని తిప్పి పంపింది. ఒకటే టెన్షన్. ఇంగ్లిష్ క్లాసులో చేరమంటారా?

పాతకాపు:
క్లాసులేం వద్దు తమ్ముడూ. తెలుగులో "ఆపాను", "ఆపారు" అంటే ఎవరు ఆపారో క్రియలోనే తెలిసిపోతుంది. కర్తను మింగేసినా నష్టం లేదు. ఆ అలవాటుతో ఇంగ్లిష్ రాస్తే "సర్వర్ షుడ్ బి స్టాప్డ్" అని వస్తుంది. ఎవరు ఆపాలి? మనిషా, స్క్రిప్టా? "స్టాప్ ద సర్వర్" అని చదివేవాడికే చెప్పు.

రాత్రిడ్యూటీ:
అది సరే, తేదీల సంగతి ఎవరూ అడగరేం? నేను వచ్చిన కొత్తలో బ్యాకప్ నుంచి డేటా తెచ్చే పద్ధతి రాశాను, వర్డ్ ఫైల్లో. ఓ రాత్రి డేటా పాడైంది. "04/05 బ్యాకప్ ఎక్కించండి" అని నోట్ పెట్టి పడుకున్నా. డ్యూటీలో ఉన్నతను నా ఫైల్లోంచి కమాండ్ కాపీ చేస్తే నడవలేదు. నేను కొట్టిన రెండు చిన్న గీతల్ని వర్డ్ కలిపేసి ఒక పొడుగు గీత చేసింది! కంటికి తేడా తెలియదు, కంప్యూటర్ ఒప్పుకోదు. అరగంట కుస్తీ పట్టి చేత్తో టైప్ చేశాడు. ఆ కంగారులో తేదీ గురించి ఎవరు ఆలోచిస్తారు? నేను మే 4 అనుకున్నా, అతను ఏప్రిల్ 5 ఎక్కించాడు. తెల్లారేసరికి నెల రోజుల ఎంట్రీలు మాయం. మే 4 బ్యాకప్ పదిలంగా ఉంది కాబట్టి బతికాం.
అప్పట్నుంచి ఐఎస్ఓ 8601 పద్ధతే: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. కమాండ్లు వర్డ్‌లో అస్సలు పెట్టను.

పాతకాపు:
ఇంకోటి. "షుడ్" అని రాశావంటే తప్పనిసరి అని అర్థం. రూలే ఉంది, ఆర్ఎఫ్‌సీ 2119 అని, ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో ఒకటి.

పాతికేళ్లుగా ఇక్కడే:
పాతకాపు గారూ, రూలు తలకిందులు చేశారు. 1997 నాటి ఆ పత్రంలో తప్పనిసరి అనేది "మస్ట్". "షుడ్" అంటే తగిన కారణం ఉంటే, పర్యవసానం ఆలోచించుకుని వదిలేయొచ్చు.

పాతకాపు:
మా ఆఫీసులో షుడ్ అంటే మస్టే.

పాతికేళ్లుగా ఇక్కడే:
అయితే ఆ మాట డాక్యుమెంట్ మొదట్లో రాసి పెట్టండి. పైగా 2017లో దానికి సవరణగా వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8174 ప్రకారం పెద్దక్షరాల్లో రాస్తేనే ఆ ప్రత్యేకార్థం.
బాబూ, మన భాష నీకు అడ్డం అనుకోకు. "బ్యాకప్ పూర్తయితే పాత ఫోల్డర్ తీసెయ్యి" అంటాం, షరతు ముందు, పని తర్వాత. ఇంగ్లిష్‌లో చాలామంది "డిలీట్" ముందు రాసి "ఇఫ్" చివర పెడతారు. ఆ ఇఫ్ దాకా చదివేలోపు ఫోల్డర్ పోతుంది. ఇక్కడ మాత్రం తెలుగు వరసే ఉంచు. రాశాక, ఆ పని తెలియని మనిషిచేత చేయించి వెనక కూర్చో. నోరు మాత్రం విప్పకు.

కొత్తగా వచ్చా:
థాంక్సండీ. పక్క టీమ్ అమ్మాయిని కూర్చోబెట్టాను. మూడో స్టెప్‌లోనే ఆగిపోయి "రీస్టార్ట్ ఇట్" అంటే ఏది, డేటాబేసా, సర్వరా అంది. నేనూ కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.