అప్‌డేట్: సింగ్‌నగర్ దోమల సమస్యపై మా పిల్లల ప్రాజెక్టు

విజయవాడ సింగ్‌నగర్‌లో దోమల మీద తొమ్మిదో తరగతి పిల్లలతో టీమ్ ప్రాజెక్టు ఎలా మొదలుపెట్టాలని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

“పరిష్కారం తర్వాత, ముందు ఇంటింటికీ వెళ్లి చూడండి” అన్న మాటే పనికొచ్చింది. వీధిలో ఎవరినడిగినా మురుగు కాలవనే చూపించారు. వార్డు సచివాలయం ఆరోగ్య కార్యకర్త మాత్రం మూతలేని డ్రమ్ముల్లో, ఫ్రిజ్ వెనక ట్రేలో టార్చ్ వేసి, నీళ్లలో మెలికలు తిరిగే పురుగుల్ని (దోమ లార్వాల్ని) చూపించారు. డెంగీ దోమ ఎక్కువగా నిలవున్న మంచినీళ్లలోనే పెరుగుతుందట. గుడ్లు డ్రమ్ము గోడకు అంటుకుంటాయి కాబట్టి నీళ్లు పారబోస్తే చాలదు, తోమాలి.

పిల్లలు సందులు పంచుకుని ప్రతి శుక్రవారం దగ్గరుండి తోమిస్తున్నారు. పురుగులు బాగా తగ్గాయి. మొదట అనుకున్న యాప్, దోమల పొగ కొట్టే ఫాగింగ్ మిషన్‌కు చందాలు, వీటి అవసరమే రాలేదు. కాలవ పూడిక మీద వేరుగా అర్జీ ఇచ్చాం.