సౌదీ యువతరం రోజువారీ జీవితం: మీరు కళ్లారా చూసింది చెప్పండి

రియాద్‌కు కొత్త
నేను రియాద్ వచ్చి రెండేళ్లయింది. ఆఫీసులో నా పక్క సీటు ఒక సౌదీ అమ్మాయిది. తన కారు తనే నడుపుకుంటూ వస్తుంది, సమావేశాల్లో మా అందరికంటే గట్టిగా వాదిస్తుంది, సాయంత్రం స్నేహితురాళ్లతో సినిమాకు వెళ్తుంది. మొన్న సెలవుకు ఊరెళ్లినప్పుడు ఈ మాట చెబితే మా బాబాయి నమ్మలేదు. ఆయన 1998 నుంచి పదకొండేళ్లు దమ్మామ్‌లో పనిచేశారు. "నువ్వు చెప్పేది దుబాయి సంగతి అయి ఉంటుంది" అన్నారు. ఇద్దరం ఒకే దేశంలో ఉన్నామా అనిపించింది.

అక్కడి కుర్రవాళ్లతో, అమ్మాయిలతో కలిసి పనిచేసినవాళ్లు, వాళ్ల ఇళ్లలో మెలిగినవాళ్లు చెప్పండి. ఫోను, ఇంటర్నెట్, బయట తిరగడం, నోరు విప్పి మాట్లాడటం అప్పుడు ఎలా ఉండేవి, ఇప్పుడు ఎలా ఉన్నాయి?

ఖోబార్ ఇంజినీరు
మీ బాబాయి గారు చెప్పింది నిజమే, మీరు చెప్పింది కూడా నిజమే. నేను 1996 నుంచి 2014 దాకా ఖోబార్‌లో ఉన్నాను.

అక్కడ జనానికి ఇంటర్నెట్ అందింది 1999లో. అంతకు ముందు కావాలనుకున్నవాళ్లు బహ్రెయిన్‌కు ఫోను కలిపి వాడుకునేవారు, బిల్లు చూస్తే గుండె ఆగిపోయేది. వచ్చాక కూడా దేశం మొత్తం ఒకే వడపోత గుండా వెళ్లేది. అడిగిన పేజీకి అనుమతి లేకపోతే ఆ సంగతి చెప్పే నోటీసు వచ్చేది. పొరపాటున ఆపారనుకుంటే తెరవమని అక్కడే విన్నవించుకోవచ్చు. ఇంకేదైనా సైటును ఆపేయమని కోరడానికి కూడా దారి ఉండేది. ఆ రెండో సదుపాయాన్ని వాడుకునేవాళ్లు తక్కువేమీ కాదని మా సౌదీ సహోద్యోగి బాధపడేవాడు.

కెమెరా ఫోన్ల మీద కొంతకాలం నిషేధం ఉండేది, 2004 చివర్లో ఎత్తేశారు. పెళ్లిళ్లలో ఆడవాళ్ల ఫొటోలు తీసి పంచుతారన్న భయం అప్పట్లో ప్రతి ఇంట్లో ఉండేది. వారాంతపు సాయంత్రాల్లో ఒంటరి కుర్రవాళ్లను పెద్ద మాల్స్‌లోకి రానిచ్చేవారు కాదు. లోపలికి వెళ్లగలిగినవాళ్లు బ్లూటూత్‌లో తమ నంబరు వదిలేవారు, ఎవరైనా అమ్మాయి అందుకుంటుందేమోనని. కాగితం మీద నంబరు రాసి కారు కిటికీలోంచి విసిరే పద్ధతి ఇంకా పాతది. ఇందులో అల్లరి ఉంది, అమ్మాయిలకు ఇబ్బందీ ఉంది. కానీ ఒక అమ్మాయితో నాలుగు మాటలు మాట్లాడే మర్యాదైన దారి ఒక్కటీ లేని ఊళ్లో ఇరవై ఏళ్ల కుర్రవాడు ఏం చేస్తాడు?

సినిమా చూడాలంటే కాజ్‌వే దాటి బహ్రెయిన్ వెళ్లాలి. పాతిక కిలోమీటర్ల వంతెన. సరిహద్దు దగ్గర రెండు మూడు గంటలు నిలబడి, రెండు గంటల సినిమా చూసి, మళ్లీ అంతసేపు నిలబడి వచ్చేవారు.

నేను చెప్పిన సహోద్యోగి మారుపేరుతో బ్లాగు రాసేవాడు. రాజకీయం కాదు, తన రోజు గురించి: ఇస్తరాహాలో (అద్దెకు తీసుకునే విడిది ఇంట్లో) స్నేహితులతో గడిపిన రాత్రి, ఉద్యోగం దొరకని తమ్ముడు, చూడకుండా కుదిర్చిన పెళ్లి సంబంధం. నాకు అరబీ అంతంత మాత్రమే, పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో చెప్పేవాడు. 2007 డిసెంబరులో జెద్దాలో ఫువాద్ అల్ ఫర్హాన్ అనే బ్లాగరును అరెస్టు చేశారు. సొంత పేరుతో రాసిన ధైర్యవంతుడు ఆయన. మరుసటి ఏడాది ఏప్రిల్లో వదిలారు. ఆ నాలుగు నెలలూ మావాడు ఒక్క అక్షరం రాయలేదు.

జగిత్యాల డ్రైవర్
నేను జెద్దాలో ఒక ఇంట్లో పన్నెండేళ్లు డ్రైవరుగా చేశాను. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరూ కాలేజీ. ఉదయం దింపడం, గేటు బయట ఎండలో కారులో కూర్చోవడం, మధ్యాహ్నం తీసుకురావడం. ఇంట్లో తండ్రి లేకపోతే మందుల దుకాణానికి వెళ్లాలన్నా నన్ను పిలవాల్సిందే. రాత్రి పదకొండుకు చిన్నమ్మాయికి పంటినొప్పి వస్తే నన్ను నిద్ర లేపడానికి ఆ తల్లి ఎంత మొహమాటపడేదో నాకు తెలుసు. నా నిద్ర పాడవుతుందని ఆమెకు బాధ, సొంత కారు ఇంటి ముందే ఉండి కదలలేనందుకు మరింత బాధ.

వెనక సీట్లో ఆ పిల్లల లోకమంతా ఫోనులోనే ఉండేది. మొదట బ్లాక్‌బెర్రీ, తర్వాత స్నాప్‌చాట్. స్నేహితురాలి ఇల్లు రెండు వీధుల అవతలే ఉన్నా కలవడం వారానికి ఒకసారి, మాటలు మాత్రం రోజంతా.

2018 జూన్ 24 నుంచి ఆడవాళ్లు కారు నడపవచ్చని ప్రకటన వచ్చినప్పుడు పెద్దమ్మాయి నా దగ్గరికి వచ్చి, "నాకు రివర్స్ తీయడం నేర్పుతారా?" అని అడిగింది. ప్రహరీ లోపలే నేర్పించాను. ఆ పిల్ల లైసెన్సు తెచ్చుకున్నాక నాకు పని ఉండదని తెలుసు. అయినా నేర్పించాను. వెళ్లేటప్పుడు విమానాశ్రయానికి నన్ను తనే దింపింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆ పిల్ల అద్దాలు సరిచూసుకున్న తీరు చూస్తే నాకు కన్నీళ్లు ఆగలేదు.

రియాద్‌కు కొత్త
అన్నా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నర్సు, రియాద్
డ్రైవరన్నకు నమస్కారం. ఆస్పత్రి వైపు నుంచి నేనూ చెబుతాను.

మనందరికీ అబ్షర్ తెలుసు, ఇక్కడి ప్రభుత్వ సేవల యాప్. ఇఖామా (నివాస అనుమతి) గడువు చూసుకోవడానికి, వీసా పనులకు ఫోనులో వాడతాం. అదే అబ్షర్‌కు సౌదీ ఆడపిల్ల దగ్గర వేరే అర్థం ఉండేది. ఆమె దేశం దాటాలంటే తండ్రో భర్తో తన ఖాతాలోకి వెళ్లి అనుమతి నొక్కాల్సి వచ్చేది. నాతో పనిచేసిన ఒక సౌదీ నర్సు శిక్షణకు విదేశం వెళ్లాల్సి ఉండగా, తండ్రి అలిగి మూడు వారాలు ఆ మీట నొక్కలేదు. ముప్పై ఏళ్ల మనిషి, మా వార్డులో పదిమందికి పని చెప్పే మనిషి, రోజూ భోజనం వేళకు ఫోను తెరిచి చూసుకునేది. 2019 ఆగస్టులో నియమం మార్చారు. 21 ఏళ్లు దాటిన స్త్రీ తనే పాస్‌పోర్టు తీసుకోవచ్చు, తనే ప్రయాణించవచ్చు. అదే ఏడాది చివర హోటళ్లలో కుటుంబాలకు ఒక తలుపు, ఒంటరి మగవాళ్లకు ఒక తలుపు ఉండాలన్న నిబంధన కూడా పోయింది.

వీధిలో ముతవ్వాల (మత పోలీసుల) భయం అంతకు ముందే తగ్గింది. 2016లో వాళ్లకు అరెస్టు చేసే అధికారం తీసేశారు. అంతకు ముందు తల మీది గుడ్డ జారితే వెనక నుంచి కేక వినపడేది. నాకూ వినపడింది.

బత్హా మొబైల్ దుకాణం
మా వీధి సంగతి కొంత. నమాజు వేళకు షట్టర్ దించాల్సి వచ్చేది. ఒక్కోసారి కొనడానికి వచ్చినవాళ్లు లోపలే ఉండిపోయేవారు, చప్పుడు చేయకుండా. 2021 జులైలో ఆ వేళల్లో కూడా తెరిచి ఉంచుకోవచ్చని వాణిజ్య మండళ్ల సమాఖ్య చెప్పింది. 2013లో వైబర్ ఆపేసినప్పుడు మా దుకాణం ముందు మనవాళ్ల గుంపు నాకు ఇంకా గుర్తుంది. ఇంటికి మాట్లాడే చవక దారి పోయిందని వాళ్ల గోల. సౌదీ కుర్రవాళ్లకు వేరే దిగులు: బయటి ఊళ్లలో చదువుకుంటున్న స్నేహితులతో ఎలా మాట్లాడాలని.

రియాద్‌కు కొత్త
ఖోబార్ అన్నా, మీ సహోద్యోగి ఇప్పుడు రాస్తున్నాడా?

ఖోబార్ ఇంజినీరు
లేదు. ఎందుకో చెబుతాను, ఇది నా మనసులో చాలాకాలంగా ఉంది.

రాయిఫ్ బదావీ అనే బ్లాగరుకు 2014లో పదేళ్ల జైలు, వెయ్యి కొరడా దెబ్బలు విధించారు. 2015 జనవరిలో జెద్దాలో ఒక మసీదు ముందు మొదటి యాభై కొట్టారు. ఆ వారం మావాడు ఫోనులో నాతో మాట్లాడుతూ మధ్యలో ఊరుకుండిపోయాడు. ఆయన శిక్ష పూర్తయి 2022 మార్చిలో బయటికి వచ్చాడు, దేశం విడిచి వెళ్లడానికి మాత్రం వీల్లేదు. అదే ఏడాది ఆగస్టులో, బ్రిటన్‌లోని లీడ్స్‌లో పరిశోధన చేస్తూ సెలవుకు వచ్చి అరెస్టయిన సల్మా అల్ షెహాబ్‌కు ట్వీట్ల కారణంగా 34 ఏళ్ల శిక్ష వేశారు. తర్వాత తగ్గించారు, 2025లో విడుదలైంది. కానీ ఆ అంకె విన్నవాళ్లు మరిచిపోరు.

ఇంకొకటి. కారు నడిపే హక్కు కోసం ఏళ్ల తరబడి అడిగిన లుజైన్ అల్ హత్‌లూల్‌ను, ఆ హక్కు రావడానికి నెల ముందు, 2018 మేలో పట్టుకెళ్లారు. దాదాపు మూడేళ్లు జైల్లో ఉంది.

మావాడు ఇప్పుడు ఎడారిలో చలిమంట ఫొటోలు, కాఫీ కప్పులు పెడతాడు. పాటల కచేరీలకు కుటుంబంతో వెళ్తాడు. సంతోషంగానే ఉన్నాడు. అయితే ఒకప్పుడు ఎక్కడికీ వెళ్లలేని రోజుల్లో తన గది నుంచి అంత స్వచ్ఛంగా రాసిన మనిషి, ఎక్కడికైనా వెళ్లగలిగే రోజుల్లో ఏమీ రాయడం లేదు.

నర్సు, రియాద్
అన్నగారూ, మీ బాధ అర్థమైంది. కాదనను. కానీ ఆ బ్లాగులు చదివింది ఎంతమంది? పాస్‌పోర్టు, స్టీరింగు, ఉద్యోగం ప్రతి ఇంట్లోకీ వచ్చాయి. నాతో పనిచేసే పాతికేళ్ల పిల్లను రాసే స్వేచ్ఛ కావాలా, వెళ్లే స్వేచ్ఛ కావాలా అంటే రెండోదే అంటుంది.

ఖోబార్ ఇంజినీరు
అమ్మా, ఆ పిల్లను ఒకటే ఎంచుకోమనడం ఎందుకు?

నర్సు, రియాద్
నిజమే. ఎంచుకోమని అడిగే హక్కు నాకు లేదు. రేపు డ్యూటీలో ఈ విషయం ఎత్తితే తను మాట్లాడుతుందా అని ఆలోచిస్తున్నాను. కారు గురించి గంట మాట్లాడుతుంది. దీని గురించి, మీరన్నట్టు, ఊరుకుంటుందేమో.

బత్హా మొబైల్ దుకాణం
ఇక్కడ పనిచేసే మనవాళ్లకు ఒక్క మాట. ఆ జాగ్రత్త మనకూ వర్తిస్తుంది. ఇక్కడి పాలన మీద ఏదీ పోస్టు చేయకండి, వచ్చినదాన్ని పది గుంపులకు పంపకండి. సరదాకు పంపానంటే వినేవాళ్లు ఉండరు.

రియాద్‌కు కొత్త
చర్చ మొత్తం నిన్న రాత్రి ఫోనులో బాబాయికి చదివి వినిపించాను. డ్రైవరన్న రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. చివర్లో ఒకటే అడిగారు: ఇప్పుడు ఊళ్లోనే సినిమా హాళ్లున్నాయి కదా, బుధవారం రాత్రి కాజ్‌వే మీద కార్ల బారు ఇంకా ఉంటుందా?

దమ్మామ్ వాసి
ఉంటుందని చెప్పండి. కాకపోతే 2013లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలకు మారింది కదా, ఇప్పుడు ఆ బారు గురువారం రాత్రి.