ఎస్‌వీజీ, డీఎక్స్‌ఎఫ్ ఫైళ్లను డ్రాఫ్టింగ్‌లోకి తెస్తే ఒక్కొక్కటి ఒక్కో కొలతలో వస్తోంది. ఎందుకు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది పూజగది తలుపులకు, మెట్ల రెయిలింగులకు జాలీ ప్యానెళ్లు కోసే చిన్న లేజర్ కటింగ్ వర్క్‌షాపు. డిజైన్లు వేర్వేరు చోట్ల నుంచి ఎస్‌వీజీ (వెబ్‌లో కూడా వాడే గీతల చిత్రం), డీఎక్స్‌ఎఫ్ (డ్రాఫ్టింగ్ ప్రోగ్రాములు డ్రాయింగులు పంచుకునే రూపం) ఫైళ్లుగా వస్తాయి. మేము వాటిని డ్రాఫ్టింగ్ ప్రోగ్రాములోకి తెచ్చుకుని, ఫ్రేములు, గాడులు జోడించి మెషీనుకు పంపుతాము. ప్రస్తుతం నాలుగు ఫైళ్లతో ఇబ్బంది పడుతున్నాను. నాలుగింటిలోనూ ప్యానెల్ వెడల్పు 300 మి.మీ. ఉండాలి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ ప్రోగ్రాములో చాలా ఏళ్ల క్రితం గీసిన ఎస్‌వీజీ 281.25 మి.మీ.గా వస్తోంది. అదే వ్యక్తి ఆ తరువాత ఇంక్‌స్కేప్‌లోనే గీసిన మరొక ఎస్‌వీజీ సరిగ్గా 300 వస్తోంది. అడోబీ ఇల్లస్ట్రేటర్ అనే డిజైన్ ప్రోగ్రాము నుంచి వచ్చిన ఎస్‌వీజీ 225 వస్తోంది. నాలుగవది డీఎక్స్‌ఎఫ్. దానిని నేరుగా తెరిస్తే 11.81 చూపిస్తుంది, కానీ మా డ్రాయింగులోకి బ్లాకుగా (అంతా ఒకే ముక్కగా) ఇన్సర్ట్ చేస్తే 300 వస్తుంది.

అన్నీ ఒకే నిష్పత్తిలో తప్పి ఉంటే ఒక గుణకం పెట్టుకుని సరిచేసుకునేవాడిని. ఇలా తలా ఒక తీరుగా వస్తుంటే, ఏది నమ్మాలో, ఏ ఫైలును ముట్టుకోకూడదో తెలియడం లేదు. ప్రతి ఫైలునూ చేతితో స్కేల్ చేయడం తప్ప మార్గం లేదా?

మొదటి సమాధానం

మీరు అంకెలను దశాంశాలతో సహా ఇవ్వడం వల్ల కారణం చెప్పడం సులభమైంది. 281.25ను 300తో భాగిస్తే 0.9375 వస్తుంది, అది 90ను 96తో భాగించిన ఫలితం. 225ను 300తో భాగిస్తే 0.75, అంటే 72ను 96తో భాగించినది. కొలత తప్పిన మీ ఎస్‌వీజీలు రెండూ గీసిన చోట ఒక లెక్కలోనూ, చదివిన చోట మరొక లెక్కలోనూ అంగుళాన్ని పిక్సెళ్లుగా పంచుకున్నాయి.

ఎస్‌వీజీలో గీతల స్థానాలు మిల్లీమీటర్లలో ఉండవు, యూనిట్ పేరు లేని ఒట్టి అంకెలుగా ఉంటాయి. వాటికి భౌతిక కొలత ఎక్కడి నుంచి వస్తుందంటే, ఫైలు మొదట్లో ఎస్‌వీజీ ట్యాగులో ఉండే వెడల్పు, ఎత్తు, వ్యూబాక్స్ (పేజీలో ఆ ఒట్టి అంకెలు ఎంతవరకు ఉంటాయో చెప్పేది) అనే మూడింటి నుంచి. వెడల్పు మిల్లీమీటర్లలో రాసి ఉండి, పక్కన వ్యూబాక్స్ కూడా ఉంటే సందేహానికి తావుండదు. యూనిట్ లేకుండా ఒట్టి అంకె ఉంటే మాత్రం చదివే ప్రోగ్రామ్ దానిని పిక్సెళ్లుగా తీసుకుని, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో తానే అనుకుంటుంది. ఇంక్‌స్కేప్ 2017 జనవరిలో వచ్చిన 0.92 వెర్షన్‌కు ముందు అంగుళానికి 90 పిక్సెళ్లు లెక్కించేది; వెబ్ ప్రమాణమైన సీఎస్‌ఎస్‌లో 96 ఉండటంతో ఆ వెర్షన్ నుంచి 96కు మారింది. ఇల్లస్ట్రేటర్ అచ్చు రంగం నుంచి వచ్చినది కనుక ఒక పాయింటును (అచ్చు కొలతలో అంగుళంలో 72వ వంతు) ఒక పిక్సెల్‌గా రాస్తుంది, అంటే అంగుళానికి 72.

అదే వ్యక్తి గీసిన రెండు ఫైళ్లలో ఒకటి మాత్రమే తప్పడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. 0.48 వెర్షన్‌లో ఏ4 కాగితం తెరిచి దాచుకుంటే వెడల్పు దగ్గర 744.09 అనే ఒట్టి అంకె మాత్రమే ఉండేది. 0.91లో లెక్క ఇంకా 90దే అయినా, వెడల్పు 210 మి.మీ. అని యూనిట్‌తో రాసి, 744.09ను వ్యూబాక్స్‌లో పెట్టేది. కాబట్టి రెండవ ఫైలును ఎవరు చదివినా సరిగ్గానే వస్తుంది. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి కొన్ని వరుసలు చూడండి. ఏ4 పేజీ అయితే 744.09 కనిపిస్తే 90 లెక్క, 793.70 అయితే 96, 595.28 అయితే 72.

సరిచేయవలసింది కూడా అక్కడే. పేజీ వెడల్పు అంకెను 90తో (ఇల్లస్ట్రేటర్‌దైతే 72తో) భాగించి 25.4తో హెచ్చిస్తే అసలు మిల్లీమీటర్లు వస్తాయి. ఆ విలువను మిల్లీమీటర్ల యూనిట్‌తో వెడల్పు దగ్గర రాసి, పాత అంకెను వ్యూబాక్స్‌లో ఉంచండి. ఎత్తుకూ అంతే. గీతలను ఒక్కటి కూడా ముట్టుకోనక్కరలేదు. ఇల్లస్ట్రేటర్ ఫైళ్లు కొన్నింటిలో వెడల్పు, ఎత్తు అసలే లేకుండా వ్యూబాక్స్ ఒక్కటే ఉంటుంది. వాటిలో మీరే కొత్తగా చేర్చాలి. డిజైన్ పంపేవారు ప్యానెల్ కొలతను కూడా రాసి పంపితే ఇంత పరిశోధన అవసరం ఉండదు, కానీ ఆ అలవాటు మన దగ్గర తక్కువ.

ఒక జాగ్రత్త. పాత ఫైలును కొత్త ఇంక్‌స్కేప్‌లో తెరిచినప్పుడు అది తెర మీద చూడటానికా, భౌతికంగా తయారు చేయడానికా అని అడుగుతుంది. తెలియకపోతే మొదటిదే ఎంచుకోమని అక్కడే సలహా ఉంటుంది. కటింగ్ పనికి ఆ సలహా పనికిరాదు, రెండవదే ఎంచుకోవాలి.

రెండవ సమాధానం

పై వివరణ ఎస్‌వీజీల వరకు సంపూర్ణంగా ఉంది. డీఎక్స్‌ఎఫ్ సంగతి వేరు. అందులో పిక్సెళ్లు ఉండవు. 11.81ను 25.4తో హెచ్చిస్తే 300 వస్తుంది కనుక ఆ ఫైలును అంగుళాల్లో గీశారు. ఆటోక్యాడ్ వంటి ప్రోగ్రాములు ఫైలును తెరిచినప్పుడు అంకెలను ఉన్నవి ఉన్నట్టే చూపిస్తాయి, ఇన్సర్ట్ చేసినప్పుడు మాత్రమే హెడరులోని ఇన్స్‌యూనిట్స్ విలువ చూసి మార్పిడి చేస్తాయి. ఆ విలువ 1 అయితే అంగుళాలు, 4 అయితే మిల్లీమీటర్లు, 0 అయితే యూనిట్ చెప్పలేదని అర్థం. మీ ఫైలులో 1 ఉంది, మీ డ్రాయింగులో 4 ఉంది, కనుక ఇన్సర్ట్ సరిగ్గా వచ్చింది. తెరిచిన ఫైలులో ఇన్స్‌యూనిట్స్‌ను 4గా మార్చినంత మాత్రాన గీతలు పెరగవు, పైగా ఆ తరువాత ఇన్సర్ట్ కూడా తప్పుతుంది. దానిని అలాగే వదిలి, ఎప్పుడూ ఇన్సర్ట్ ద్వారానే తెచ్చుకోండి.

మూడవ సమాధానం

ఇంత లోతుగా వెళ్లే తీరిక లేనివారికి నా పద్ధతి చెబుతాను. డ్రాఫ్టింగ్‌లోకి తెచ్చాక స్కేల్ ఆదేశంలో రిఫరెన్స్ ఎంచుకుని, ప్యానెల్ అంచు రెండు కొసలను చూపించి, ఉండవలసిన కొలత 300 అని ఇస్తే చాలు. కారణం ఏదైనా కొలత సరిపోతుంది. రోజుకు పది ఫైళ్లు వచ్చే చోట ప్రతిదానినీ నోట్‌ప్యాడ్‌లో తెరవడం సాధ్యం కాదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పాత ఇంక్‌స్కేప్ ఫైలులో నిజంగానే 744.09 ఉంది, వ్యూబాక్స్ లేదు. రెండు ఎస్‌వీజీలనూ చెప్పినట్టు సరిచేస్తే డ్రాఫ్టింగ్‌లో రెండూ 300 వచ్చాయి. అయితే ఒకదానిని ఇంక్‌స్కేప్‌లో ఎంచుకుంటే పైన వెడల్పు 302 మి.మీ. అని చూపిస్తోంది. దేనిని నమ్మాలి?

మొదటి సమాధానమిచ్చినవారు

డ్రాఫ్టింగ్‌లో వచ్చిన 300నే నమ్మండి. ఆ ఫైలులో గీత మందం 2 మి.మీ. ఉండి ఉంటుంది. ఇంక్‌స్కేప్ మామూలుగా గీత మందాన్ని కూడా కలిపి, రెండు వైపులా సగం సగం చొప్పున, కొలత చూపిస్తుంది. ప్రిఫరెన్సుల్లోని టూల్స్ విభాగంలో బౌండింగ్ బాక్సును (వస్తువు చుట్టూ కొలత తీసే పెట్టెను) జామెట్రిక్‌కు, అంటే గీత మందం కలపని లెక్కకు, మార్చితే 300 కనిపిస్తుంది. ఆ 302ను చూసి 300కు తగ్గిస్తే అసలు ప్యానెల్ 298.01కి పడిపోతుంది.

మూడవ సమాధానంతో నాకు అభ్యంతరం ఉన్నది ఈ కారణం వల్లనే. అంచు కొసలు స్పష్టంగా ఉన్న ప్యానెల్‌కు రిఫరెన్స్ పద్ధతి బాగానే పనిచేస్తుంది. కానీ జాలీ లతలకు చతురస్రపు అంచు ఉండదు, ఏ రెండు బిందువులను చూపించాలో తెలియదు. అంతకన్నా ముఖ్యంగా, తేడా నిష్పత్తి వల్ల వచ్చిందా, ప్రతి కొలతకూ ఒకే మొత్తం కలవడం లేదా తగ్గడం వల్ల వచ్చిందా అని చూడకుండా స్కేల్ చేస్తే ఒకచోట సరిపడిన కొలత మరొకచోట తప్పుతుంది. అందుకే ఎప్పుడూ ఒక పెద్ద కొలతను, ఒక చిన్న కొలతను కలిపి చూడాలి. 300 ప్యానెల్ 281.25గా వచ్చి, అందులోని 4 మి.మీ. గాడి 3.75గా వస్తే అది స్కేల్ తప్పు, 4 మి.మీ. ఎండీఎఫ్ చెక్క పలక ఆ గాడిలోకి దిగదు. కోసిన తరువాత పెద్ద ముక్కలోనూ చిన్న ముక్కలోనూ ఒకే మేరకు, మిల్లీమీటరులో చిన్న భాగమంత తగ్గితే అది లేజర్ కిరణం తినే మందం. దానికి మెషీనులో కెర్ఫ్ విలువ మార్చాలి, డ్రాయింగును మార్చకూడదు. ఒకవేళ అడ్డంగా ఒక నిష్పత్తి, నిలువుగా మరొక నిష్పత్తి వచ్చి వృత్తాలు కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తే, వెడల్పు ఎత్తుల నిష్పత్తి వ్యూబాక్స్ నిష్పత్తితో సరిపోలడం లేదని అర్థం. అది సాధారణంగా చేతితో దిద్దినప్పుడు ఎత్తును మరచిపోవడం వల్ల వస్తుంది.

రోజుకు పది ఫైళ్లు వచ్చే చోటికి ఇంతకన్నా సులువైన ఏర్పాటు ఒకటి ఉంది. డిజైన్ చేసేవారిని ప్రతి ఫైలులో ఒక మూలన, విడి లేయరులో, 100 మి.మీ. చతురస్రాన్ని గీయమని అడగండి. అది 93.75గా వచ్చినా, 75గా వచ్చినా, 3.94గా వచ్చినా కారణం అప్పటికప్పుడే తెలుస్తుంది. రిఫరెన్స్ పద్ధతిలో చూపించడానికి స్పష్టమైన కొసలూ దొరుకుతాయి. మెషీనుకు పంపే ముందు ఆ లేయరును ఆపివేయండి.