ఫిట్స్ సిరప్ వాడే బాబుకు వాంతులు, లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ 140. మందు ఆపాలా?

పరకాల నుంచి:
మా బాబుకు ఆరేళ్లు. సంక్రాంతి తర్వాత రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. హనుమకొండలో చూపిస్తే వాల్‌ప్రోయేట్ సిరప్ రాశారు. మూడు నెలలుగా ఒక్క పూట తప్పకుండా పోస్తున్నాను, మళ్లీ ఫిట్స్ రాలేదు. కానీ నాలుగు రోజులుగా అన్నం ముట్టడం లేదు. నిన్నటి నుంచి వాంతులు. బడికి లేపితే కూర్చున్న చోటే నిద్రపోతున్నాడు. ఇక్కడి ల్యాబ్‌లో ఎస్‌జీపీటీ 140 వచ్చింది, 40 లోపు ఉండాలని పక్కనే రాసి ఉంది. మా డాక్టర్ సోమవారం దాకా ఊళ్లో లేరు. పసిరికలేమో, పసరు పోయిద్దాం అంటోంది అత్తమ్మ. మనవడంటే ఆమెకు ప్రాణం, ఎట్లా కాదనాలి? ఈ రాత్రి సిరప్ పోయాలా వద్దా? సీసా పట్టుకొని కూర్చున్నాను.

నర్సంపేట నుంచి:
అక్కా, సోమవారం దాకా ఆగకండి. మా పాపకూ ఇదే మందు. ఎస్‌జీపీటీ 70 దాకా పోయింది, కానీ పాప తింటోంది, ఆడుతోంది. అందుకే డాక్టర్ మందు మార్చలేదు, రెండు వారాలకు మళ్లీ చూస్తే తగ్గింది. మీ బాబుకు వాంతులు, మత్తు ఉన్నాయి. రిపోర్ట్ కంటే నాకు వాటితోనే భయం.

కాజీపేట నుంచి, ఫార్మసిస్టుని:
అమ్మా, ఇప్పుడే ఎమర్జెన్సీకి బయలుదేరండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో రాత్రి కూడా చూస్తారు. సిరప్ సంగతి అక్కడి డాక్టరే తేల్చాలి. మీ అంతట మీరు ఆపితే ఫిట్స్ ఆగకుండా రావొచ్చు. ఈ మందుతో లివర్ బాగా దెబ్బతినడం అరుదే, కానీ జరిగితే ఎక్కువగా మొదటి 6 నెలల్లోనే. రక్తంలో అమ్మోనియా కూడా పెరగొచ్చు, అప్పుడు లివర్ రిపోర్ట్ బాగున్నా పిల్లలు మత్తుగా పడుకుంటారు. ఆ పరీక్ష చేయమని అడగండి. సీసా, చీటీ, రిపోర్ట్ వెంట తీసుకెళ్లండి. జ్వరానికి పారాసిటమాల్ పోసి ఉంటే అదీ చెప్పండి. పసరు మాత్రం వద్దు. అందులో ఏ ఆకు ఉందో తెలియకుండా, దెబ్బతిన్న లివర్ మీద ఇంకో బరువు పెట్టొద్దని అత్తమ్మకు నా మాటగా చెప్పండి.

పరకాల నుంచి, ఆరు రోజుల తర్వాత:
ఆ రాత్రే వెళ్లాం. అమ్మోనియా నిజంగానే ఎక్కువుంది. అడ్మిట్ చేసుకొని, సిరప్ ఆపి లెవెటిరాసెటమ్ మొదలుపెట్టారు. అది ఎక్కువగా మూత్రంలో పోతుందట, లివర్ మీద భారం తక్కువట. ఎస్‌జీపీటీ 82కు దిగింది. ఈ పొద్దున మామిడికాయ పప్పుతో నాలుగు ముద్దలు తిన్నాడు, అత్తమ్మే తినిపించింది. మీ ఇద్దరి రుణం తీర్చుకోలేను. కొత్త మందుతో చిరాకు, కోపం రావొచ్చన్నారు. మీ పిల్లలెవరైనా వాడుతుంటే ఎట్లా ఉన్నారో చెప్పండి.