మీటడమా, దువ్వడమా?

గిటార్ పన్నెండేళ్లుగా వాయిస్తున్నాను. ఉకులెలె, అదే నాలుగు తీగల బుల్లి గిటార్ లాంటి వాద్యం, మాత్రం మొన్ననే మొదటిసారి చేతికొచ్చింది. అప్పటి నుంచి ఒక క్రియాపదం కోసం వెతుకుతున్నాను.

పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పక్కన పెట్టేసి చూపుడు వేలు కొద్దిగా వంచి నాలుగు తీగల మీదుగా కిందికి పోనిచ్చాను. వెళ్లేటప్పుడు గోరు తగిలింది, తిరిగొచ్చేటప్పుడు వేలి కొస మెత్తగా తాకింది. నైలాన్ తీగలు కాబట్టి వేలికి నొప్పే లేదు. ఏం చేస్తున్నావని మా అమ్మాయి అడిగితే "తీగలు మీటుతున్నాను" అన్నాను. అనగానే అది సరైన మాట కాదనిపించింది. మీటడం అంటే ఒక తీగను లాగి వదలడం కదా, వీణ మీద చేసేది అదే. ఇక్కడ నాలుగూ ఒక్క ఊపులో పలకాలి. వాయించడం అందామంటే అది డోలుకీ వేణువుకీ కూడా సరిపోతుంది. స్ట్రమ్ చేయడం అని అందరం అంటాం, తప్పు లేదు. కానీ ఇంత చక్కని కదలికకు మన మాట ఉంటే బాగుంటుంది.

నాకు తోచింది "దువ్వడం". జుట్టు దువ్వుతాం, మీసం దువ్వుతాం, దూడ వీపు దువ్వుతాం. ఒత్తిడి లేకుండా, బారుగా. మా అమ్మాయికి ఉకులెలె ఇచ్చి "మీటు" అంటే ఒక్క తీగ పట్టుకుని లాగింది. "దువ్వు" అన్నాను, మణికట్టు దానంతటదే వదులైంది.

ఇంకో విశేషం. గిటార్‌ని పైనుంచి దువ్వితే లావు తీగతో మొదలై స్వరం మెట్టు మెట్టుగా పైకి పోతుంది. ఉకులెలెలో అలా కాదు. మామూలు శ్రుతిలో, పైనుంచి రెండో తీగను షడ్జమం (స) అనుకుంటే, పైనుంచి కిందికి ప, స, గ, ద. అందులో ప కూడా స్థాయిలో ఆ స కన్నా పైదే. అంటే స్వరం పైన మొదలై, దిగి, మళ్లీ ఎక్కుతుంది. నా చెయ్యి మంద్రం (లోతైన స్వరం) కోసం వెళ్తే అక్కడ పంచమం (ప) పలికింది! తంబురా తీగలూ ఇంతే, స్థాయి వరసలో ఉండవు: ముందు పంచమం, తర్వాత రెండు సారణులు (మధ్యస్థాయి స తీగలు), చివర మంద్ర స.

స్పందన: దువ్వడం బాగుందండీ, కానీ దువ్వేది ఒకే దిక్కుకి కదా? పైకొచ్చే దెబ్బని ఏమంటారు? అన్నట్టు హవాయి భాషలో ఉకు అంటే పేనులాంటి పురుగు, లెలె అంటే గెంతడం. పేరులోనే క్రియ ఉంది, "గెంతించడం" అనకూడదా?

నా జవాబు: గెంతేవి ఎడమచేతి వేళ్లండీ, కుడిచెయ్యి కాదు. మీ మొదటి ప్రశ్న మాత్రం సరైనది. పైకొచ్చేదాన్ని "ఎదురు దువ్వు" అంటే ఎలా ఉంటుంది? వెంట్రుకల వాలుకి ఎదురు దువ్వితే చేతికి తేడా తెలుస్తుంది, ఇక్కడా గోరు పోయి మెత్తని కొస తగలడం అలాగే తెలుస్తుంది. "కాలు దువ్వడం" గుర్తొచ్చి జగడం అనుకుంటారేమోనని ఒక మిత్రుడన్నాడు. ఎద్దు నేలను గీరే ఊపు కూడా ఈ మాటలో ఉండటం నాకైతే నచ్చింది, గట్టిగా కొట్టాల్సిన పాటలకి అదీ కావాలి.

ఇంకొకటి మిగిలింది. దువ్వుతూనే అరచెయ్యి ఆనించి మోత టక్కున ఆపుతామే, దానికి "అణచడం" కన్నా తేలికైన మాట ఎవరికైనా తట్టిందా?