వేరులా, మూలమా? ఒక గురజాడ పాదం, ఒక పంపకాల ఇల్లు

కోట జంక్షన్: రెండ్రోజులుగా గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’ గేయంలోని ఒక పాదం నోట్లో నానుతోంది. "నరుల చమటను తడిసి వేరులు / ధనం పంటలు పండవలెనోయ్". నాకు చిన్నప్పట్నుంచీ ఇలాగే వచ్చు. పుస్తకం తీస్తే "తడిసి మూలం" అని ఉంది. సందర్భం చెబుతాను. అమితావ్ ఘోష్ ‘ద షాడో లైన్స్’ (1988)లో ఢాకా ఇంటి పంపకం డిగ్రీ పిల్లలకు తెలుగులో చెప్పాలి. అన్నదమ్ములిద్దరూ గుమ్మాల మధ్యలోంచి గీత లాగుతారు, మరుగుదొడ్డిని కూడా వదలరు, ఆఖరికి తండ్రి పేరున్న పలకనీ రెండు చేస్తారు. ‘విభజన’ అంటే పేపరు మాటలా ఉంది. ‘వేరు పడ్డారు’ అందామంటే ఈ వేరు అడ్డొచ్చింది.

బొబ్బిలి: మూలమే. పై పాదం "దేశమనియెడి దొడ్డ వృక్షం". వృక్షం, మూలం. చెవికి తెలియట్లేదా?

సాలూరు: చెవి సరే, లెక్క చూడండి. ‘తడిసి’ మూడు మాత్రలు, ‘వేరులు’ నాలుగు. ‘మూలం’ కూడా నాలుగే. గురజాడ ఛందస్సు ముత్యాలసరం, దాని నడకకి రెండూ సరిపోతాయి, అందుకే నోట్లో మారిపోయింది. అసలు తగువు చమటా, చెమటా అన్నది. మా నాన్నగారి ముందు ‘చెమట’ అన్నామో, ఆ పూట అన్నం ఆలస్యమే.

పాలకొండ: మాస్టారూ, వేరుపడటంలోది బండి ఱ. వేఱు. చెట్టుకుండేది మామూలు ర. తమిళంలో ఇప్పటికీ వేర్, వేఱు అని విడివిడిగానే ఉన్నాయి. ప్రాసలో రెండింటినీ కలిపితే పాత లాక్షణికులు ఒప్పుకునేవారు కారు. మనం బండి దిగిపోయాక రెండూ ఒకటైపోయాయి. ఈ శ్లేష మనది, తీసుకెళ్లి గురజాడ నెత్తిన పెట్టకండి.

బొబ్బిలి: పెట్టిందెవరండీ? ఆయన మూలం అనే అన్నాడని కదా నా గోల!

నరసన్నపేట: మా ఇంట్లో రెండు వేర్లూ లేవు, ‘ఏరు’. "పెదనాన్నోలూ మేమూ ఏరైపోనాం" అనీది మా అమ్మమ్మ. చిన్నప్పుడు వంశధార అనుకునేవాణ్ణి. రాత్రికి రాత్రి మధ్యలోకి ఏరొచ్చిందేమో, పెదనాన్న అటు చిక్కడిపోయాడేమో అని. అదీ నిజం కాకపోలేదు. పంజాబును పంచాక ఏళ్లనూ పంచుకోవలసే వచ్చింది, 1960 సింధు జలాల ఒప్పందంలో తూర్పువి మూడు మనకి, పడమటివి మూడు పాకిస్థాన్‌కి. నా ఓటు ఏరుకే.

పాలకొండ: ఇది భాషాశాస్త్రం కాదు బాబూ, అమ్మమ్మ శాస్త్రం.

నరసన్నపేట: దానికి బండి ఱ అక్కర్లేదండి.

పార్వతీపురం: చెట్టంటే గుర్తొచ్చింది. మంటో దేశవిభజన మీద రాసిన ‘టోబా టేక్ సింగ్’లో పిచ్చాసుపత్రి రోగి ఒకడు చెట్టెక్కి కూర్చుంటాడు. హిందుస్థానూ వద్దు, పాకిస్థానూ వద్దు, ఈ చెట్టు మీదే ఉంటానంటాడు. గురజాడ దేశాన్ని చెట్టు చేశాడు, వీడు చెట్టునే దేశం చేసుకున్నాడు.

సాలూరు: బాగుంది గానీ అది కథ. మాస్టారు అడిగింది నవల గురించి.

పార్వతీపురం: మీకు షరతులెక్కువ. అయితే రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ (1981). దేశంతో పాటు పుట్టిన సలీం ఒంటికి పగుళ్లొస్తాయి. అక్కడ వేరూ లేదు, ఏరూ లేదు, పగులు.

కోట జంక్షన్: ఒళ్లు పగలడం నాకెందుకో కాస్త పెద్ద నోరనిపిస్తుంది. ఘోష్‌ది ఇంటి గొడవ, చిన్న గొంతు. గోడకి అవతలి ఇంట్లో అన్నీ తలకిందులుగా ఉంటాయని అక్క చెల్లెలికి కథలల్లి చెబుతుంది. ఆ అక్కే ముసలితనంలో, విమానంలోంచి చూస్తే సరిహద్దు కనిపిస్తుందా అని కొడుకుని అడుగుతుంది. గోడ చూసిన మనిషి కదా, గీత ఉండాలనుకుంటుంది. ఆవిడ తెలుగావిడైతే ‘విభజన’ అంటుందా? "వేరు పడ్డారు" అనే అంటుంది. ఏ ర అన్నది మీరే తేల్చండి.

బొబ్బిలి: ఆ గేయంలోనే "అన్నదమ్ముల వలెను జాతులు / మతములన్నీ మెలగవలెనోయ్" అని ఉంది. ఘోష్ అన్నదమ్ముల్ని చదివుంటే ఆయన వేరే పోలిక వెతుక్కునేవాడేమో.

సాలూరు: ‘వేరే’ అన్నారు. అదీ బండి ఱ యేనా మాస్టారూ?

పాలకొండ: నిస్సందేహంగా. అయినా మనవాళ్లకి పట్టదు. 2022లో మా పాలకొండని శ్రీకాకుళం నుంచి తీసి మన్యం జిల్లాలో వేశారు. ఊళ్లో ఒక్కరైనా వేఱుపడ్డాం అన్లేదు. "ఇటు కలిపేసారు" అన్నారు.

బొబ్బిలి: ఇంతకీ చమటా, చెమటా?