టాయిలెట్ కాగితం బదులు గుడ్డ వాడొచ్చా? కొత్తగా కెనడా వచ్చిన చెల్లి ప్రశ్న, మన వాళ్ల జవాబులు

ప్రశ్న: పర్లాకిమిడి అమ్మాయి, ఇప్పుడు ఒంటారియోలో

అందరికీ నమస్తే. మా వారి ఉద్యోగం కోసం ఈమధ్యే ఇక్కడికి వచ్చాం. అద్దె అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు. బాత్రూంలో కాగితం చుట్ట తప్ప నీళ్ల ఏర్పాటు ఏమీ లేదు. కాగితంతో నాకు శుభ్రంగా ఉన్నట్టే అనిపించడం లేదు, పైగా ఒరుసుకుపోయి మంట. మగ్గుతో కడుక్కుంటున్నాను కానీ తర్వాత తడి తుడుచుకోవడానికి మళ్లీ కాగితమే దిక్కు. అది తడికి పీలికలై ఒంటికి అంటుకుంటోంది. ఇక్కడ కొందరు ఉతికి వాడుకునే గుడ్డ ముక్కలు పెట్టుకుంటారని విన్నాను. అది ఆరోగ్యానికి మంచిదేనా? వచ్చే వేసవికి గుణుపురం నుంచి మా అత్తగారు వస్తున్నారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఇదంతా ఎవరిని అడగాలో తెలియక మీ అందరినీ అడుగుతున్నాను.

జవాబు: బరంపురం అక్క, టొరంటో దగ్గర

చెల్లీ, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మన వైపు నుంచి వచ్చిన ప్రతి ఇంట్లో మొదటి వారంలో ఇదే గొడవ. పైకి అనరు, అంతే.

నా మాట ముందే చెప్పేస్తాను. గుడ్డ మంచిదే, కానీ కడుక్కున్నాక తడి ఒత్తుకోవడానికి మాత్రమే. నీళ్లు చేయాల్సిన పని గుడ్డకి అప్పజెప్పొద్దు. ఇక్కడి వాళ్లలో కొందరు నీళ్లు లేకుండా నేరుగా గుడ్డతోనే తుడుచుకుని, బకెట్లో వేసి, ఉతికి మళ్లీ వాడతారు. చెట్లు మిగులుతాయి, డబ్బు మిగులుతుంది అన్నది వాళ్ల ఆలోచన, నేను కాదనను. కానీ ఆ మురికి గుడ్డలు ఉతకడం పెద్ద పని. మనకి నీళ్ల అలవాటు ఎలాగూ ఉంది. ముందు నీళ్లతో శుభ్రంగా కడుక్కుంటే గుడ్డకి అంటేది తడే. అప్పుడు ఉతుకుడు కూడా తేలిక.

అందుకే ముందు నీళ్ల సంగతి చూసుకో. ఇక్కడి బాత్రూముల్లో నేల మీద పడిన నీళ్లు పోవడానికి తూము ఉండదు, ఇది మనవాళ్లకి వెంటనే తట్టదు. మన ఇంట్లో మగ్గు ఒలికితే చీపురుతో నెట్టేస్తాం. ఇక్కడ ఆ నీళ్లు టైల్స్ సందుల్లోంచి దిగి కింది వాళ్ల సీలింగుకి మరకలు కడతాయి. మాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాగే బాగు చేయించే ఖర్చంతా పెట్టుకోవలసి వచ్చింది. మగ్గు వాడినన్నాళ్లూ కమోడ్ చుట్టూ మందపాటి మ్యాట్ వేసి, ఒలికిన వెంటనే తుడిచెయ్యి.

సీటు కింద బిగిస్తే కడుక్కోవడానికి నీళ్లు చిమ్మే బిడే అటాచ్‌మెంటు కొనుక్కుంటే ఈ బాధే ఉండదు. కరెంటు అక్కర్లేనివి 50 డాలర్ల లోపే దొరుకుతాయి. గోడలోంచి ఫ్లష్ ట్యాంకుకి వెళ్లే సన్నని పైపు దగ్గర వాల్వు ఉంటుంది చూడు. దాన్ని కట్టేసి, ఒకసారి ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేయాలి. పైపు ఊడదీసి, మధ్యలో టీ ఆకారం జాయింటు పెట్టి, దానికి అటాచ్‌మెంటు ట్యూబు తగిలించాలి. ప్లంబరు లేకుండానే చేసుకోవచ్చు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకెళ్లొచ్చు. అయినా ఇంటి ఓనరుకి ముందే ఒక మెయిల్ పెట్టు, రాతలో ఉంటే రేపు మాట పడక్కర్లేదు.

మన ఇళ్లలో ఉండే చేతి స్ప్రే, అదే హెల్త్ ఫాసెట్, అది కూడా పెట్టుకోవచ్చు కానీ రెండు జాగ్రత్తలు. పని అయ్యాక స్ప్రే మీట వదిలేస్తే చాలదు, గోడ దగ్గరి వాల్వు కూడా కట్టాలి. లేకపోతే ట్యూబులో ఎప్పుడూ ప్రెషర్ ఉండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పగిలిందంటే ఇల్లంతా నీళ్లే. రెండోది, మురికి నీరు మంచినీళ్ల లైనులోకి వెనక్కి లాగకుండా ఆపే భాగం ఉన్నదే కొను. దాన్ని వాక్యూమ్ బ్రేకర్ అంటారు. జనవరిలో ఇక్కడి చల్లనీళ్లు చేయి పెట్టలేనంత చల్లగా వస్తాయి. ఆ రోజుల్లో బేసిన్ కుళాయిలో వేడి, చల్లన కలిపి మగ్గులో పట్టుకోవడమే మేలు.

ఇక గుడ్డ. పలచగా ఉండాలి, నూలుది కావాలి, త్వరగా ఆరాలి. మెత్తగా ఉందని టర్కీ టవల్ కోసుకోకు, నీళ్లు బాగానే పీలుస్తుంది కానీ ఒక పట్టాన ఆరదు. పాత లుంగీ, పాత నేత చీర, పిల్లల ఫ్లానెల్ దుప్పటి శ్రేష్ఠం. 20 సెంటీమీటర్ల నలుచదరపు ముక్కలుగా కోసి అంచు మడిచి కుట్టు. కుట్టకపోతే రెండు ఉతుకులకే దారాలు లేచిపోతాయి. పాలియెస్టర్ కలిసినవి వద్దు, అవి నీళ్లు పీల్చవు. రుద్దకుండా ఒత్తుకోవాలి. నీ మంట సగం అక్కడే తగ్గుతుంది.

జవాబు: రాయగడ అమ్మాయి, లండన్‌లో నర్సు

అక్క చెప్పినదంతా నిజం. ఆరోగ్యం సంగతి అడిగావు కాబట్టి నేను కొంచెం కలుపుతాను.

ఆడవాళ్లం ముందు నుంచి వెనక్కే కడుక్కోవాలి, వెనక్కే తుడుచుకోవాలి. వెనకది ముందుకి వచ్చిందా, మూత్రంలో ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది. తడి అలాగే వదిలేసి బిగుతు బట్టలు వేసుకున్నా ఫంగస్, దురద. అందుకే తుడుచుకోవడం కూడా కడుక్కోవడమంత ముఖ్యమే. మొలలు, చీలికలు ఉన్నవాళ్లకి కాగితం కన్నా నీళ్లూ మెత్తని గుడ్డే హాయి.

కానీ గుడ్డ మానెయ్యాల్సిన రోజులున్నాయి. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ మనిషి తగ్గి రెండు రోజులు దాటేదాకా కాగితమే వాడాలి. పిల్లలకి నులిపురుగులు ఉన్నా అంతే. చలికాలంలో ఇక్కడ నోరోవైరస్ తిరుగుతుంది, చాలా తక్కువ మోతాదులోనే అంటుకుంటుంది, పైగా హ్యాండ్ శానిటైజర్‌కి సరిగ్గా చావదు. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగాల్సిందే. ఒకరి గుడ్డ ఇంకొకరు ఎప్పుడూ వాడకూడదు. మనిషికో రంగు పెట్టుకో. వాడిన గుడ్డని ఎండబెట్టి మళ్లీ వాడేయకు, ఒకసారి వాడిందంటే ఉతుకుడుకే.

గుడ్డ ముక్క గానీ, తడి వైప్స్ గానీ కమోడ్‌లో వెయ్యొద్దు. ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా సరే. కాగితం నీళ్లలో విడిపోతుంది, వైప్స్ విడిపోవు. 2017లో ఇక్కడ వైట్‌చాపెల్ కింద మురుగు కాలువలో నూనె జిడ్డు, వైప్స్ కలిసి గడ్డకట్టి 250 మీటర్ల పొడవు, 130 టన్నుల అడ్డంకి అయింది. వారాల తరబడి మనుషులు లోపలికి దిగి తవ్వి తీశారు. ఆ పని చేసిన వాళ్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

జవాబు: గుణుపురం అబ్బాయి, జర్మనీ

ఇక్కడ వాషింగ్ మెషీన్ నీళ్లని తనే వేడి చేసుకుంటుంది, 60 డిగ్రీలు, 95 డిగ్రీలు అని మీట మీదే ఉంటుంది. ఈ గుడ్డలకి 60 పెట్టుకుంటాం. అమెరికా, కెనడా మెషీన్లు చాలావాటిలో హాట్ అంటే ఇంటి గీజర్ ఎంత వేడి ఇస్తే అంతే, కాబట్టి అక్క ఎలా చేస్తారో అక్కే చెప్పాలి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం పోయకండి, దాని పొర పట్టేసి గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది.

జవాబు: బరంపురం నుంచి పెద్దమ్మ

అమ్మా, నేను ఎక్కడికీ వెళ్లలేదు, పిల్లలు వెళ్లారు. కానీ గుడ్డల విషయం నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

మా రోజుల్లో నెలసరికి పాత చీర ముక్కలే. వాటిని ఉతికేది బాగానే ఉతికేవాళ్లం, ఆరేసేది మాత్రం మగవాళ్ల కంట పడకూడదని. తాడు మీద ముందు గుడ్డ ముక్క వేసి, దాని మీద పాత చీర కప్పేవాళ్లం. లేదా మంచం కింద, గోడ నీడన. ఎండ తగిలేది కాదు. సగం తడిలోనే మడిచి ట్రంకు పెట్టె వెనక దాచేవాళ్లం. వానాకాలంలో అయితే వాసన. దురదలు, కురుపులు వచ్చినా ఎవరికీ చెప్పుకునేవాళ్లం కాదు. ఎంతమంది ఆడపిల్లలు అలా బాధపడ్డారో నాకు తెలుసు. గుడ్డ తప్పు కాదమ్మా అది, దాచడం తప్పు. నువ్వు పెట్టుకునేవి తుడుచుకునే గుడ్డలే అయినా అదే జాగ్రత్త. ఎండలో ఆరెయ్యి, ఎండ లేకపోతే గాలిలో, అదీ లేకపోతే మెషీన్లో. పెళపెళలాడేలా ఆరాకే మడత పెట్టు.

మీ అత్తగారి చేత గావంచాలు తెప్పించుకో. మన బజారులో దొరికే గళ్లవి, పలచటివి. నీళ్లు పీల్చి ఇట్టే ఆరిపోతాయి. కొత్తవి మొదట్లో గంజికి గరుకుగా ఉంటాయి, నాలుగైదు ఉతుకులయ్యాక కొయ్యి. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి మా ఇంటి నిండా చుట్టాలు దిగితే ఎవరి గావంచా వాళ్ల కొక్కానికే ఉండేది, ఒకరిది ఇంకొకరు ముట్టేవారు కాదు. ఆ పద్ధతి అక్కడా పెట్టుకో.

మళ్లీ ప్రశ్న: పర్లాకిమిడి అమ్మాయి

పెద్దమ్మగారూ, మీ మాట చదివి మా అమ్మకి ఫోన్ చేశాను. మీ అందరికీ చాలా థాంక్స్. ఇంకో రెండు టెన్షన్లు. మా బిల్డింగులో మెషీన్లు కింద అందరికీ కలిపి ఉన్నాయి, నాణేలు వేసి వాడాలి. అందులో ఇవి వేయొచ్చా? ఇంకోటి, మా వారు వద్దంటున్నారు. ఆఫీసు వాళ్లు ఇంటికొస్తే ఏమనుకుంటారు, ఇక్కడికొచ్చాక ఇక్కడివాళ్లలాగే ఉండాలి కదా అంటున్నారు.

జవాబు: బరంపురం అక్క

మీ వారి మాట ముందు. ఇక్కడి వాళ్లకి కూడా ఈ కాగితం అనాదిగా ఉన్నదేమీ కాదు. అమెరికాలో దీనికోసమే చేసిన కాగితం అమ్మకానికి వచ్చింది 1857లో. అంతకుముందు పాత పత్రికలు, మొక్కజొన్న కండెలు, చేతికందిన ఏదైనా. ఇటలీలో 1975 నుంచి ప్రతి కొత్త ఇంట్లో బిడే ఉండాలని చట్టమే ఉంది. ఫిన్‌లాండ్‌లో మనలాగే కమోడ్ పక్కన చేతి స్ప్రే ఉంటుంది. 2020 మార్చిలో ఇక్కడ సూపర్‌మార్కెట్లలో కాగితం అరలన్నీ ఖాళీ. మన ఇళ్లలో మాత్రం ఎవరూ కంగారు పడలేదు. అప్పటి నుంచే నా పక్కింటి ఆవిడ కూడా బిడే పెట్టించుకుంది.

అయినా అతిథుల మీద ఇది రుద్దకూడదు. కాగితం చుట్ట ఎప్పుడూ దాని చోటే ఉండాలి. గుడ్డలు మూత ఉన్న చిన్న బుట్టలో మీ ఇద్దరి కోసం. మీ వారు కాగితమే వాడతానంటే వాడనీ, ఒంటి విషయంలో బలవంతం పనికిరాదు.

ఉమ్మడి మెషీన్ విషయంలో నేను కొంచెం గట్టిగానే ఉంటాను. పక్కవాళ్ల పసిపిల్లల బట్టలు కూడా అందులోనే పడతాయి. ముందు నీళ్లతో కడుక్కుని, తడి మాత్రమే ఒత్తుకున్న గుడ్డ అయితే లోదుస్తులకీ దానికీ తేడా లేదు, నిశ్చింతగా వెయ్యి. పొరపాటున మరక అంటిందా, దాన్ని ఇంట్లోనే చన్నీళ్లతో జాడించి, ఆక్సిజన్ బ్లీచ్ పౌడరు కలిపిన వేడినీళ్లలో కాసేపు ఉంచి ఉతికాకే కిందికి తీసుకెళ్లు. వీటిని విడిగా ఒక వాయి వెయ్యి, మెషీన్ నిండా కుక్కకు, హాట్ మీద పెట్టు, డ్రయర్‌లో పూర్తిగా ఆరనివ్వు. గీజర్ వేడి మీద నమ్మకం లేకపోతే ఎప్పుడైనా పాత గిన్నెలో వేసి ఉడకబెట్టు. ఆ గిన్నె వంటకి వాడకూడదని వేరే చెప్పక్కర్లేదు.

వాడినవి నీళ్లు పోసిన బకెట్లో నానబెట్టి ఉంచకు. ఒకటి, వాసన. రెండోది ఇంకా ముఖ్యం, పాకే పిల్లలు నాలుగు వేళ్ల లోతు నీళ్లలో కూడా మునిగిపోతారు. గాలి ఆడే వల సంచిలో పొడిగా వేసి, రెండు మూడు రోజులకోసారి ఉతుక్కో.

బయటికి వెళ్లినప్పుడు గుడ్డ మాట వదిలెయ్యి. నొక్కితే నీళ్లు చిమ్మే చిన్న ప్లాస్టిక్ బాటిల్ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకో, తుడుచుకోవడానికి అక్కడి కాగితం సరిపోతుంది.

అత్తగారి కోసం కమోడ్ ఎత్తు పెంచే సీటు, పక్కన పట్టుకునే కమ్మీలు కావాలి. మందుల షాపుల్లోనే దొరుకుతాయి. ఎత్తు సీటుకి సీటు కింద అమర్చే బిడే ఒక్కోసారి సరిపడదు, అందుకని ఆవిడకి చేతి స్ప్రే నయం. మీట ఎంత నొక్కాలో మొదటి రోజే దగ్గరుండి చూపించు, మొదట్లో ప్రెషర్ తగ్గించి పెట్టు. గుడ్డలు ఆవిడ కూర్చున్న చోటి నుంచి వంగకుండా అందేలా, కుడిచేతి వైపు పెట్టు. నేల మీద తడి లేకుండా చూసుకో, ఆ వయసులో జారి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

మీ ట్యాంకు కింది వాల్వు ఫోటో తీసి పెట్టు. దాన్ని బట్టి ఏ సైజు జాయింటు కావాలో చెబుతాను.